ఫ్రైడే నైట్ లైట్స్
అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఎన్‌బీసీ సంస్థ 2006 అక్టోబరు 3న ప్రసారమారంభించిన టెలివిజన్ ధారావాహిక. టెక్సాసులోని డిల్లన్ అను కల్పిత పట్టణమున ఒక పాఠశాల ఫుట్‌బాల్ శిక్షకునియొక్కయు, ఆతని కుటుంబముయొక్కయు జీవితము దీని ఇతివృత్తము. బిస్సింజర్ 1990లో ప్రకటించిన గ్రంథమును, దానినుండి 2004లో వెలువడిన చలనచిత్రమును ఆధారము చేసికొని పీటర్ బెర్గ్ దీనిని రూపొందించెను.

విమర్శకులు తొలినాటినుండియు ప్రశంసించినను, పీబాడీ పురస్కారము లభించినను, ప్రేక్షకసంఖ్య ఏనాడును ఆశాజనకముగ నుండలేదు. ప్రసారదినము మంగళవారమునుండి బుధవారమునకును, రెండవ విడతలో శుక్రవారమునకును మారెను; శరత్కాలపు శుక్రవారరాత్రులు పాఠశాలల పోటీలు జరుగు వేళ యగుటచే, ఈ కథను మిక్కిలి ప్రేమింపదగినవారే అప్పుడు మైదానములలో నుండిరి. రచయితల సమ్మెవలన ఆ విడత 15 భాగములతోనే నిలిచిపోయెను.

ఇక అంతరించునన్న తరుణమున, ఉపగ్రహ ప్రసారసంస్థయగు డైరెక్‌టీవీ నిర్మాణవ్యయమున పాలుపంచుకొని, 2008 అక్టోబరునుండి కొత్త భాగములను ముందుగా తన చందాదారులకు చూపుటకును, కొన్ని నెలల పిదప ఎన్‌బీసీ వానిని ప్రసారము చేయుటకును ఒడంబడిక కుదుర్చుకొనెను. ఈ ఏర్పాటువలననే మరి మూడు విడతలు వెలువడినవి. రేటింగు అంకెలే ఏకైక ప్రమాణమైయుండినచో, కడపటి విడతల పరిణతశిల్పము మనకు దక్కెడిది కాదు. 76 భాగములతో 2011లో ఇది ముగియగా, శిక్షక పాత్రధారి కైల్ చాండ్లర్ ఆ యేడే ఎమ్మీ ఉత్తమనట పురస్కారమును, తుదిభాగమును రచించిన జేసన్ కేటిమ్స్ రచనా పురస్కారమును పొందిరి.