రేడియో పాటకు పేరు నిలబెట్టిన వెబ్ పత్రిక

మన తిరుమల గుడిలో అన్నమయ్య పాటలు వందల ఏళ్లు ఒక చిన్న రాతిగదిలో ఉండిపోయాయి. రాగిరేకులు కాబట్టి మిగిలాయి. మరి రేడియో పాట సంగతేంటి? టేపు చెరిపేస్తే పాట పోయినట్టే. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారి లాంటివాళ్లు చేసిన లలితగీతాలకూ ఆ గండం ఉండేది.

1998లో అమెరికాలోని తెలుగువాళ్లు ‘ఈమాట’ అనే వెబ్ పత్రిక పెట్టారు. అది సాహిత్య పత్రికే. కానీ పరుచూరి శ్రీనివాస్ గారు పాత రేడియో పాటల్ని, వాటి వివరాలతో సహా, అందులో వినిపించారు. కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారు సినిమా పాటల్లోని రాగాలను మామూలు మాటల్లో విడమరిచి చెప్పారు.

నా మాట ఒక్కటే: పాట దొరికితే చాలదు, రాసిందెవరు, పాడిందెవరు అన్నదీ మిగలాలి. మీ ఇంట్లో పాత క్యాసెట్ ఉందా? పారేయొద్దు. తాతనడిగి పేర్లు రాసిపెట్టండి.