బలహీనులతో దేవుడు చేసిన గొప్ప కార్యం



ప్రియులారా, మన కొడంగల్ వైపు చాలా ఇళ్లలో రెక్కల కష్టమే ఆస్తి. వాన పడితే కందిచేను, పడకపోతే వలస. అలాంటి మనతో “నీ బలం మీద కాదు, దేవుని శక్తి మీద ఆనుకో” అంటే, “మరి చేతులు కట్టుకొని కూర్చోవాలా?” అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మన తెలుగు సంఘ చరిత్రలోనే ఉంది.

1836లో అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో “ఈ మిషనును మూసేద్దామా?” అని అమెరికాలో పెద్దలు చర్చించారు. పటం మీద ఒక్క చుక్కలా మిగిలిన ఆ పనికి “లోన్ స్టార్” అనే పేరు అప్పుడే వచ్చింది.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీద ఐదుగురు మోకరించారు: లైమన్ జూయెట్ దంపతులు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. వారి చేతిలో ధనం లేదు, వెనుక జనం లేదు. జవాబు వెంటనే రాలేదు. 1862లో మూసివేత మాట మళ్లీ వచ్చింది. బోర్డు పంపకపోయినా తానే తిరిగి వెళ్తానన్నారు జూయెట్. చివరికి 1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరారు. ఆయన పుట్టింది 1836లో, అంటే మిషను మొదలైన సంవత్సరమే!

క్లౌ గారికి మొదట్లోనే పరీక్ష ఎదురైంది. అగ్రకులాల వారు ఆయన దగ్గరకు రావడం మొదలుపెట్టారు. అంతలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుని సాక్ష్యం వల్ల ఆయన వారు ప్రభువును నమ్ముకున్నారు. “వాళ్లను చేర్చుకుంటే మేము రాము” అన్నారు పెద్ద కులాలవారు. లోకజ్ఞానం ప్రకారం పలుకుబడి ఉన్నవారిని పట్టుకోవాలి. ఆ రాత్రి క్లౌ గారు, ఆయన భార్య వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులకు 1:26-29 కనబడింది. దేవుడు బలవంతులను సిగ్గుపరచడానికి బలహీనులను ఏర్పరచుకుంటాడనే భాగం అది. వారు పేదలనే చేర్చుకున్నారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తర్వాత 1876-78 మధ్య ధాత కరువు వచ్చింది. క్లౌ గారు చేతులు కట్టుకోలేదు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు. సాయంత్రాలు బోధకులు వాక్యం చెప్పేవారు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు! కూడు కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదని ఏడాదికి పైగా ఆపారు. అన్నం పెట్టే చేతికి జనాన్ని పోగుచేసే బలం ఉంది. ఆ బలాన్ని ఆయన వాడుకోలేదు.

కరువు పని ముగిసింది, కూలి ఆగింది. అయినా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి. ఆ సంవత్సరం ముగిసేసరికి 9,606 మంది అయ్యారు.

గిద్యోను దగ్గర 32,000 మంది ఉంటే దేవుడు 300 మందినే ఉంచాడు. ఆ 300 మంది కూడా నిద్రపోలేదు. బూరలు ఊదారు, కుండలు పగలగొట్టారు. దేవుని మీద ఆనుకోవడం అంటే ఇదే. కాలువ తవ్వాలి, కాని కాలువను నమ్ముకోకూడదు. దున్నాలి, కాని పంట నాదేనని అతిశయపడకూడదు.

మన సంఘాలు చిన్నవే. కానుకల డబ్బా తేలికే. పట్నం సంఘాలను చూసి మనం చిన్నబోతాం, లేదా పలుకుబడి ఉన్నవారి అండ వెదుకుతాం. ఒంగోలు కొండ మీద ఉన్నది ఐదుగురే అని మరువవద్దు. ఈ వారం మీ ఇంట ఐదుగురు లేకపోయినా, ఇద్దరైనా మోకరించండి. తర్వాత లేచి పనికి వెళ్లండి. ఫలితం ప్రభువుకు విడిచిపెట్టండి.

మన బలహీనతలో తన శక్తిని కనుపరచే దేవుడు మిమ్మును ఆశీర్వదించును గాక. ఆమేన్.