టేపు పట్టినంకనే పంచాయితీ

మా రామగుండం దగ్గరి బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ 1969లో ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదటి యూనిట్ సామర్థ్యం ఏడాదికి 2.1 లక్షల టన్నులు. ఫ్యాక్టరీ యజమాని బసంత్ కుమార్ బిర్లా పేరే ఊరికి పేరైంది. అయినా 1970లలో ఈ చుట్టుపక్కల ఇల్లు కట్టుకునేవాడికి సిమెంటు బస్తా దొరకడం గగనంగా ఉండేది. చిమ్నీ దుమ్ము ఉచితంగానే పెంకుల మీద పడేది, బస్తాకు మాత్రం పర్మిటు కావాలి. దేశమంతటా సిమెంటు ధరా, పంపిణీ సర్కారు చేతిలో ఉన్న రోజులవి. సిమెంటు కోటాలకు చందాలు ముడిపెట్టిన వ్యవహారంలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే 1982 జనవరిలో కుర్చీ దిగాడు. ఆ ఫిబ్రవరి నెలాఖరున కేంద్రం కంట్రోలును కొంత సడలించి, 1989 మార్చి 1న పూర్తిగా ఎత్తేసింది.

ఇంటి పని పంచాయితీల చరిత్రకు సిమెంటుతో ఏం సంబంధమంటారా? ఆ కాలంలో సగంలో ఆగిన ఇంటి ముందు నిలబడి అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: “సిమెంటు రాలె.” మేస్త్రీ అదే అనేవాడు, ఇంటాయనా అదే అనేవాడు. తేవాల్సింది ఎవరన్న దగ్గరే గొడవ. ఆ సాకు సగం నిజం కాబట్టి ఎవరూ కొట్టెయ్యలేకపోయేవారు.

నేను చిన్న కాంట్రాక్టర్ల దగ్గర సైట్ సూపర్‌వైజరుగా బతికినవాణ్ని. చేతిలో ఎప్పుడూ టేపు ఉండేది గనక పెద్దమనుషులు “నువ్వూ రారాదు” అని వెంట తీసుకుపోయేవారు. తీర్పు చెప్పే హోదా నాకెన్నడూ లేదు, కొలిచి చెప్పడం వరకే నా వంతు. పెద్దమనిషి ఎంతటివాడైనా కొలత పడకుండా తెగిన పంచాయితీని మాత్రం నేను చూడలేదు.

మా తాతల కాలంలో ఈ రకం తగాదాకు తావు తక్కువ. మట్టిగోడలు, దంతెలు, వాసాలు, పైన గూనపెంకలు. సుతారికి రోజు కూలి, వడ్లాయనకు పంటకింత. పని ఆగితే కూలి ఆగేది, అక్కడితో సరి. గుత్త వచ్చింది నెల జీతాలతోటి. గోదావరిఖనిలో బొగ్గుబాయిలు, 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల కరెంటు స్టేషను, తర్వాత ఎరువుల ఫ్యాక్టరీ, 1978 నవంబరులో మొరార్జీ దేశాయి పునాదిరాయి వేసిన ఎన్టీపీసీ. షిఫ్టు డ్యూటీకి పోయేవాడు ఇంటి పని దగ్గర కూర్చోలేడు. “మొత్తం ఇంతకు చేసిపెట్టు” అని మేస్త్రీకి అప్పజెప్పి, బయానా చేతిలో పెట్టి బాయిలోకి దిగేవాడు. సామాను ఇంటాయనది, పని మేస్త్రీది. బేస్‌మెంటుకింత, దర్వాజలు నిలబెడితే ఇంత, స్లాబు పడితే ఇంత, అన్నీ నోటిమాటలే.

ఆ నోటిమాటలోనే చిక్కు ఉంది. గిలాబు, ఫ్లోరింగు దగ్గరికొచ్చేసరికి మేస్త్రీకి రావాల్సిన డబ్బు తక్కువ, చేయాల్సిన పని ఎక్కువ. అందుకే మా దిక్కు ఆగిన ఇళ్లు ఎక్కువగా స్లాబు పడి గిలాబు లేకుండా ఆగినవే. జనం దాన్ని మోసమంటారు. నాకైతే లెక్కే అట్లా పెట్టుకున్నారనిపిస్తుంది. స్లాబు పోసిన సాయంత్రం కూలీలందరికీ ఒక్కసారే కట్టాలి. చేతిలో లేకపోతే మేస్త్రీ ఇంకో ఇంటి బయానా తెచ్చి కడతాడు. తెల్లారి ఆ ఇంటాయన వచ్చి తన పునాది ఎప్పుడు తవ్వుతావని కూర్చుంటాడు.

1990ల మొదట్లో జరిగిన ఒక పంచాయితీ చెబుతాను. ఇల్లు రిటైరైన బొగ్గుబాయి కార్మికుడిది. గుత్త 24 వేలు, మేస్త్రీకి ముట్టింది 21 వేలు. స్లాబు పడింది గాని గిలాబు లేదు, ఫ్లోరింగు లేదు, పిట్టగోడ లేదు. కోపంతో ఇంటాయన సెంట్రింగు చెక్కలు, రేకులు లోపల పెట్టి తాళం వేశాడు. మేస్త్రీ చేతిలోనూ ఒక తాళం ఉంది. పాత మేస్త్రీ లెక్క తేలనిదే ఇంకో మేస్త్రీ ఆ ఇంట్లో చెయ్యి పెట్టడు. ఎక్కడా రాసి లేకపోయినా నేనెరిగిన సుతారులంతా పాటించిన కట్టుబాటది. చెక్కలు లేక మేస్త్రీ చేతిలోని రెండో ఇల్లు ఆగింది, మేస్త్రీ దొరక్క ఈ ఇల్లు ఆగింది.

పెద్దలు ఇద్దరిచేతా చెరొక వెయ్యి డిపాజిట్ పెట్టించారు. తీర్పు కాదన్నవాడి వెయ్యి పోయినట్టే. మొదటి సాయంత్రమంతా ఎవరు ఎవర్ని ఏమన్నారన్న దాంతోనే గడిచింది. “చెరి సగం భరించుకోండి” అని ఒకాయన తేల్చబోయాడు. దేంట్లో సగమో ఎవరికీ తెలియదు. మర్నాడు టేపు పట్టి, కాగితం మీద మూడు వరుసలు గీశాను. గుత్తలో అయిన పని, గుత్తలో మిగిలిన పని, గుత్తలో లేకుండా చేసిన పని. మూడో వరుస దగ్గర ఆగిపోయింది. మెట్లూ సంపూ మొదటి మాటలోనే ఉన్నాయని ఇంటాయన, లేవని మేస్త్రీ. అప్పుడు గడప అవతలి నుంచి ఇంటామె అంది, “మెట్లు మనం ఎన్క అడిగినయే గద, సంపు సుత.” పని జరిగినన్నాళ్లూ నీళ్లు పట్టి, కూలీలకు చాయ్ ఇచ్చి, రోజూ చూసిన మనిషి ఆమె. రెండు రోజులుగా ఆమెను ఎవరూ అడగలేదు.

అయిన పని విలువ 15,500, అదనపు పని 2,500. మొత్తం 18 వేలు. అంటే మేస్త్రీకి 3 వేలు ఎక్కువ ముట్టాయి. ఇసుక రాక కూలీలు ఖాళీగా కూర్చున్నారని అతను అడిగిన పైసలను పెద్దలు కొట్టేశారు. ఆ వారం ఆ కూలీలు ఇంకో సైటులో కనపడ్డారట. 3 వేలు రెండు కిస్తుల్లో కట్టాలి, మొదటి కిస్తు ముట్టిన రోజే చెక్కలు వదలాలి, మిగతా పనికి ఇంటాయన ఎవర్నైనా పెట్టుకోవచ్చు. డిపాజిట్లు ఇద్దరికీ వాపసు వచ్చాయి.

అన్నిసార్లూ అట్లా రాలేదు. ఎన్నో పంచాయితీల్లో ఆ పైసలు కోడికీ సీసాకీ పోయాయి. కుర్చీ ఎవరికి, నేల ఎవరికి అన్నది కులాన్ని బట్టి ముందే తేలిపోయేది. వడ్డెర మేస్త్రీ మాటకు ఇంటాయన మాటంత బరువు ఇచ్చిన కూటాలు తక్కువ. పాత పంచాయితీని తలచుకుని మురిసేవాళ్లు ఈ సంగతి దాటవేస్తుంటారు. 1978 తర్వాత పల్లెల్లో రాడికల్స్ అనే నక్సలైట్ల మాట, 1980లలో బాయిల చుట్టూ సికాస (సింగరేణి కార్మిక సమాఖ్య) మాట చెల్లిన కాలమూ నడిచింది. ఆ భయానికి పని తొందరగా అయ్యేది గాని, తప్పు కొలత పడితే మళ్లీ అడిగే దారి లేదు.

ఈ తగాదా మనతో పుట్టిందేమీ కాదు. గోడ సరిగా కట్టకపోతే కట్టినవాడే సొంత ఖర్చుతో గట్టిపరచాలని బాబిలోన్‌లో హమ్మురాబి శాసనం చెప్పింది. కూలి తీసుకుని పని చేయనివాడికి అర్థశాస్త్రం 12 పణాల దండుగ వేసింది, ఒప్పుకున్న పని చేయించుకోని యజమానికీ అంతే వేసింది. పనివాడు వచ్చి నిలబడితే పని అయినట్టే లెక్క అన్న ఆచార్యులతో కౌటిల్యుడు ఒప్పుకోలేదు. కూలి చేసిన పనికే అన్నది ఆయన పట్టు. అలాగైతే చేసిందెంతో ఎవరో ఒకరు కొలవాలి కదా. సర్కారీ పనుల్లో ఆ కొలతలు ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలోకి ఎక్కుతాయి. ఇంజినీరు కొలిచి రాస్తేనే కాంట్రాక్టరుకు బిల్లు. సొంతిల్లు కట్టుకునేవాడికి అలాంటి పుస్తకం లేదు. కోర్టుకెళ్తే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం కమిషనర్ని వేస్తారు, ఆయన వచ్చి చేసేదీ టేపు పట్టడమే. కాకపోతే అప్పటికి రెండు వర్షాకాలాలు గోడల మీద నుంచి పోయి ఉంటాయి.

1986లో వినియోగదారుల చట్టం వచ్చింది. 1993 జూన్ నుంచి ఇంటి నిర్మాణం కూడా ‘సేవ’ కిందికి చేరింది. అదే ఏడు నవంబరులో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా గట్టిపరిచింది. సగంలో వదిలేసిన కాంట్రాక్టరు మీద మా వాళ్లు కరీంనగర్ పోయి ఫిర్యాదు చేసే వీలు కలిగింది. వెళ్లినవాళ్లు కొందరే. సింగరేణి జాగాల్లో పట్టా లేకుండా కట్టుకున్న ఇళ్లు ఎన్నో. జీవో 76 కింద క్రమబద్ధీకరణ మొదలయ్యేదాకా, మేస్త్రీ మీద కేసు వేస్తే మొదట తన కాగితాలే అడుగుతారని ఇంటాయన జంకేవాడు. 2019 చట్టం వచ్చాక ఆన్‌లైన్లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

ఈ సౌకర్యమంతా ఇంటాయనకే. ఆఖరి బిల్లు ఎగ్గొట్టిన ఇంటాయన మీద మేస్త్రీ వినియోగదారుల కమిషన్‌కు పోలేడు. చట్టం లెక్కన అతను సేవ అందించినవాడు, కొనుక్కున్నవాడు కాడు. అతనికి ఉన్నది మూడేళ్లలోపు కోర్టు ఫీజు కట్టి వేసే సివిల్ దావా. 30 వేల బాకీ కోసం వకీలును పెట్టుకునే మేస్త్రీని నేనింతవరకు చూడలేదు. అందుకే పంచాయితీ పెట్టమని ఇప్పటికీ వచ్చేది ఎక్కువగా మేస్త్రీలే. ఫోన్లో స్లాబు ఫొటోలు చూపిస్తారు. ఫొటోలు పక్కన పెట్టి, గుత్తలో లేని పని ఏదేది చేశావో ముందు అది చెప్పమంటాను.