సెలవులలో తగ్గిన తూకము

వేసవి సెలవులు గడచి బడులు తెరచుచున్నవనగానే పుస్తకములు, దుస్తులు సమకూర్చుటలో ఇంటిల్లిపాదియు మునిగియుండుట మనమెరిగినదే. మరలివచ్చు పిల్లవాని దేహము సెలవులలో ఏమైనదో ఆలోచించువారు తక్కువ. దానిని త్రాసుపై నిలిపి చూచిన సందర్భమొకటి చరిత్రలో ఉన్నది. అది 1907లో, ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణమున జరిగినది.

బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లుల ఊరు. అంతకు కొన్నియేండ్ల ముందు, 1899–1902 నాటి బోయరు యుద్ధమున సైన్యములో చేరవచ్చిన యువకులలో పలువురు దేహదార్ఢ్యము లేక తిరస్కరింపబడిరి. పాలకులు ఉలికిపడినారు. పిల్లల ఆకలికంటె సైన్యపు కొరతయే వారిని ముందుగా కదలించినదని మా అభిప్రాయము. ఏమైననేమి, బడిలో భోజనము పెట్టుటకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చు చట్టము 1906లో వచ్చినది.

మరుసటి యేడు బ్రాడ్‌ఫర్డ్ విద్యాసంఘపు వైద్యుడు రాల్ఫ్ క్రౌలీ, గృహకృత్య బోధనను పర్యవేక్షించు మేరియన్ కఫ్ కలసి, 40 మంది నిరుపేద బాలబాలికలకు బడి దినములలో ఉదయము, మధ్యాహ్నము భోజనము పెట్టించినారు. ఉదయము ఓట్సు జావ, పాలు, రొట్టె. బల్లలపై గుడ్డలు పరచి పూలుంచినారు. పిల్లలను తూచుచు వచ్చినారు. తూకము పెరుగుచు వచ్చినది. నడుమ మే మాసమున విట్‌సన్ పండుగ సెలవులు వచ్చినవి. బడితోపాటు భోజనమును ఆగినది. తిరిగివచ్చినవారిని తూచగా, పెరిగిన దానిలో కొంత తరిగిపోయియున్నది! భోజనము మొదలుకాగానే మరల పెరిగినది. బడి తెరచిన దినములలో పిల్లవాడు కునికినచో, వానిని మందలించుటకు ముందు సెలవులలో వాడేమి తిన్నాడో విచారింపవలెనని మేము చెప్పుటకు ఆధారమిదియే.

కోస్తా, రాయలసీమలు చెన్నరాజధానిలో ఉన్న కాలమున ఇటువంటి యత్నము మన చెంతనే జరిగినది. 1920లో చెన్నపట్టణ నగరసభాధ్యక్షులు, తెలుగువారైన పిట్టి త్యాగరాయశెట్టిగారు థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ పాఠశాలలో తలకు అణా మించకుండ ఫలహారము పెట్టించుటకు సభచే అంగీకరింపజేసినారు. తరువాత మరి నాలుగు పాఠశాలలకు విస్తరించినారు. ఈ అయిదింట 1922–23లో 811గా ఉన్న విద్యార్థుల సంఖ్య 1924–25 నాటికి 1,671 అయినది. ప్రాథమికవిద్యా నిధినుండి ఈ ఖర్చు చేయరాదని అభ్యంతరము వచ్చుటచే 1925 ఏప్రిలులో ఫలహారము ఆగినది. పిల్లల సంఖ్యయు పడిపోయినది. నగరసభ ఊరకుండలేదు. ఆ యేడే వేయిమంది బీదపిల్లలకు దానిని మరల ఆరంభించినది.