నరసాపురం లేసు డబ్బా

మా నరసాపురంలో లేసు చరిత్ర చెప్పమంటే ఎవరైనా దొరలతోనే మొదలుపెడతారు. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ ఇంగ్లండు నుంచి ఓడెక్కి రావడం, గోదావరి డెల్టాలో మిషన్ పెట్టడం, తర్వాతి కాలంలో మిషనరీ దొరసానులు మా ఆడవాళ్లకి క్రోషా అల్లిక నేర్పడం, అల్లిన సరుకు సముద్రాలు దాటడం. అదంతా నిజమే. కాకపోతే ఆ కథలో సూది ఊసు రాదు. సూది పట్టినవాళ్ల ఊసూ అంతంతమాత్రమే.

చరిత్ర అంటూ నా దగ్గర ఉన్నది మా అమ్మమ్మ లేసు డబ్బా ఒక్కటే. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చిన రేకు డబ్బా. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. అందులో నాలుగు లేసు సూదులు, అట్టముక్కకి చుట్టిన తెల్లదారం, సగంలో ఆగిపోయిన రెండు పువ్వులు, ఫ్లానెల్ గుడ్డకి గుచ్చిన పాత గుండుసూదులు ముప్పై పైచిలుకు.

ఆ గుండుసూదులు చూసి, హైదరాబాదు నుంచి వచ్చిన మా అక్క కూతురు "లేసంటే దిండు మీద ఇవి గుచ్చి అల్లేదే కదా పిన్నీ?" అంది. ఏదో వీడియోలో చూసిందట. అది వేరే లేసు. గట్టిగా కూరిన దిండు మీద నమూనా కాగితం పరుస్తారు. కాగితంలోని చిల్లుల్లో గుండుసూదులు గుచ్చుకుంటూ, చిన్న చెక్క కండెలకి చుట్టిన దారాల్ని ఒకదాని మీదుగా ఒకటి దాటించి, మెలేసి, ఆ సూదుల చుట్టూ తిప్పుతారు. పని ముందుకి సాగాక వెనకటి సూదులు పీకేస్తే లేసు చెదరకుండా నిలుస్తుంది. అక్కడ గుండుసూదే రాట. దారం ఎంత సన్నమో సూదీ అంత సన్నంగా ఉండాలి. లావుది గుచ్చితే, పీకాక ఆ బొక్క నోరు తెరుచుకునే ఉంటుంది. 1819లో నాగర్‌కోయిల్ చేరిన మార్తా మాల్ట్ దొరసాని అక్కడి ఆడపిల్లలకి నేర్పింది ఆ దిండు లేసే.

మాకు దిండూ లేదు, కండెలూ లేవు. ఒక కొక్కెం సూది, ఒక దారం. అరుగు మీద కూర్చుని, పొయ్యి మీద ఎసరు చూసుకుంటూ కూడా అల్లుకోవచ్చు.

అమ్మమ్మ సూది కొనడం నేను దగ్గరుండి చూశాను. రొంటిన దోపుకొచ్చిన దారం ముక్క తీసి, కొట్లో సూదులన్నిటికీ ఒక్కోదానికీ తగిలించి చూసేది. దారం కొక్కెంలో సరిగ్గా ఒదగాలి. లోపలికి మునిగిపోతే సూది లావు, అంచు మీద తేలితే సన్నం. తర్వాత మొన చూసేది. మరీ వాడిగా ఉంటే పురి చీల్చి పోగులు లేపుతుంది, మొద్దుగా ఉంటే బిగువు కుట్టులోకి దూరదు. ఆఖరికి పైటచెంగు మీద ఒకసారి నెమ్మదిగా లాగేది. గరుకుంటే నూలుపోగు పట్టుకుంటుంది. పట్టుకుందంటే ఆ సూది మళ్లీ కొట్టువాడి చేతికే. ఇక్కడ సూది జారకపోతే తల్లో రాసుకోవడం చాలామందికి అలవాటు. అమ్మమ్మ పడనిచ్చేది కాదు. "తల్లో కొబ్బరినూనె పువ్వుకెక్కుతుందే, పిచ్చిమొహమా" అని చేతి మీద ఒక్కటిచ్చేది.

సూది మీద కొట్టిన నంబరుని ఆవిడ నమ్మేది కాదు. అది చాదస్తం అనుకునేదాన్ని, ఆవిడ మాటే రైటని పెద్దయ్యాక తెలిసింది. దారానికీ స్టీలు సూదికీ కూడా నంబరు పెరిగేకొద్దీ సన్నం. అంతవరకూ బాగానే ఉంది. కానీ జపాన్ లెక్కలో 10 నంబరు సూది 0.75 మిల్లీమీటర్లయితే, అమెరికా లెక్కలో అదే 10 నంబరు ఒక మిల్లీమీటరు దాటుతుంది. నంబరు అడిగి కొన్నవాళ్లకి వచ్చేది వేరే సూది, అల్లేది వేరే పువ్వు. మిల్లీమీటర్లు రాసి ఉంటే అవి చూడండి, లేదంటే దారం ముక్క పట్టుకెళ్లండి. అమ్మమ్మ సూదుల మీద నంబర్లు ఇప్పుడు చదువుదామన్నా కనపడవు. బొటనవేలు ఆనే చోట ఉక్కు నున్నగా అరిగి, చిన్న పల్లం పడింది.

ఇక గుండుసూదులు. మా పనిలో అవి చివర్లో వస్తాయి. అల్లిన డాయిలీ, అంటే బల్ల మీద వేసుకునే చిన్న లేసు గుడ్డ, చేతుల్లో తిరిగి తిరిగి మాసి, ముడుచుకుని ఉంటుంది. దాన్ని ఉతికి, పల్చని గంజిలో ముంచి, బల్ల మీద తెల్లబట్ట పరిచి, రేకు రేకూ లాగి గుండుసూదితో బిగించి ఆరబెట్టేవాళ్లం. తెల్లబట్ట అంటే గుర్తొచ్చింది: మడపొల్లాం అని లోకమంతా పిలిచే మెత్తని నూలుబట్టకి ఆ పేరు మా పక్కనున్న మాధవాయిపాలెం నుంచి వెళ్లిందే. ఇంగ్లీషు కంపెనీ వాళ్ల గిడ్డంగి ఉండేది అక్కడ. ఇప్పుడు జనానికి అది సఖినేటిపల్లి పంటు ఎక్కే రేవు, అంతే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, దీపావళి ముందు ముసురులో, పన్నెండు డాయిలీలు ఇవ్వాల్సి వచ్చింది. ఇంట్లో సూదులు చాలక నేనే వెళ్లి పుస్తకాల కొట్లో డబ్బాడు గుండుసూదులు కొనుక్కొచ్చాను. తళతళలాడుతున్నాయి. రెండు రాత్రులు వాన తగ్గలేదు, గంజి ఆరలేదు. మూడోనాడు సూదులు తీస్తే రేకు రేకుకీ కొసన గోధుమరంగు చుక్క. తుప్పు. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే పోతుంది, కానీ ఎండేదీ? సరుకు తీసుకునే ఆయన ఒకటి వెలుతురుకి ఎత్తి చూసి "ఏమ్మా, ఈ చుక్కలేంటండీ, పెసరట్టు మీద జీలకర్రలాగా" అన్నాడు. పన్నెండింటికీ సగం కూలే ఇచ్చాడు. దారం ఖరీదు పట్టుకోలేదు, అదే మహోపకారమంది అమ్మమ్మ.

ఆ దెబ్బతో నాకు గుండుసూది గుర్తుపట్టడం వచ్చింది. ఇనుముకి తుప్పు, ఇత్తడికి చిలుము. మా ఊరి ఉప్పుగాలికి రెండూ తొందరగానే వస్తాయి. అయినా ఇత్తడే మేలు, తడి ఆరగానే తుడిచి పెట్టుకుంటే చాలు. పచ్చగా మెరిసేదల్లా ఇత్తడి కాదు, పైపూతవి బోలెడు. అయస్కాంతం దగ్గరికి తీసుకెళితే పూత బండారం బయటపడుతుంది, లోపలి ఇనుము టక్కున అంటుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు దగ్గర ఈ పరీక్ష చెల్లదు, కొన్ని రకాలు అంటుకుంటాయి, కొన్ని అంటుకోవు. దానికి ఒకటే దారి: నాలుగు సూదులు ఉప్పునీళ్ల గ్లాసులో వేసి తెల్లారి చూడటం.

డబ్బాలోని గుండుసూదులు మిషను దొరసాని స్వయంగా ఇచ్చినవని మా ఇంట్లో ఒక కథ. నేను భూతద్దం పెట్టి చూశాను. మరీ పాతకాలపు గుండుసూదికి తల విడిగా ఉండేది. సన్నతీగని రెండు చుట్లు చుట్టి కొసన బిగించేవారు. తలా ఒళ్లూ ఒకే తీగగా ఉన్నవి యంత్రాలొచ్చాక, 1830ల తర్వాత గానీ బాగా వాడుకలోకి రాలేదు. మావన్నీ ఏకతీగవే. పైగా ఏడు అయస్కాంతానికి అంటుకున్నాయి. ఏ దొరసాని ఇచ్చిందో గానీ, బౌడెన్ దొర ఓడలో వచ్చాయంటే మాత్రం నేను ఒప్పుకోను.

గుండుసూదికి అర్థశాస్త్రంలోనూ చోటుంది. ఆడం స్మిత్ 1776లో రాసిన పుస్తకం మొదట్లోనే, గుండుసూది తయారీ దాదాపు 18 పనులుగా విడిపోయిందనీ, అలా పంచుకుని పదిమంది రోజుకి 48,000 సూదులు తీస్తున్నారనీ లెక్క చెప్పాడు. మా లేసూ అలాగే ముక్కలైంది. ఒక ఊళ్లో పువ్వులు అల్లే చేతిపని, ఇంకో ఊళ్లో వాటిని కలిపే అతుకుపని. మొగల్తూరు వైపు పువ్వు అల్లే మనిషికి అది బల్లగుడ్డ అవుతుందో పరుపు మీది దుప్పటి అవుతుందో తెలీదు. మొత్తం సరుకు చూసేది వ్యాపారి ఒక్కడే, అందుకే ధర కట్టేదీ ఆయనే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ మా ఊరి లేసు ఆడవాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. వీళ్లని తీరిక వేళ అల్లుకునే గృహిణులని పిలవడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆవిడ వాదన. నాకు అందులో తప్పేం కనపడలేదు. దారం వ్యాపారులే ఇచ్చేవాళ్లు, తూకం వేసి మరీ. సూదులూ, గుండుసూదులూ, గంజీ మా ఇంటి ఖర్చు. ఏ లెక్కలోనూ అవి రాలేదు.

రుస్తుంబాదలో లేసు పార్కు వచ్చింది. 2024లో మా క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. సంతోషం.

మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఉంటే పాత ఇనుము వాడికి వేసేయకండి. సూదుల మీద నంబర్లు ఇంకా చెరగకుండా ఉంటే ఒక కాగితం మీద రాసి డబ్బాలోనే పెట్టండి. గుండుసూదులు అయస్కాంతానికి అంటుకున్నవి ఒకపక్కకి, అంటుకోనివి ఒకపక్కకి తీసి పొడి ఫ్లానెల్‌కి గుచ్చండి. పువ్వులకి గుచ్చి ఉంటే ఇవాళే తీసేయండి.