చేతక్ నమూనాలో చేతితో కట్టే కాక్‌పిట్

హెలికాప్టర్ స్కేల్ నమూనా కట్టేటప్పుడు కిట్‌తో వచ్చిన భాగాలతో సరిపెట్టుకోకుండా పైలట్ సీటు, మీటలు, పరికరాల ఫలకం, బెల్టుల వంటివాటిని ప్లాస్టిక్ షీటు, రాగి తీగ, రేకు ముక్కలతో సొంతంగా చేసి బిగించడాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. యుద్ధ విమానాల నమూనాల్లో దీన్ని అదనపు ముస్తాబు అనుకోవచ్చు. అక్కడ పైలట్ చుట్టూ లోహపు గోడలుంటాయి. పైనుంచి తొంగి చూస్తే తప్ప లోపలి సంగతి తెలియదు. హెలికాప్టర్ అలా కాదు. మన దేశంలో అందరికీ తెలిసిన చేతక్‌నే తీసుకుంటే, దాని ముక్కు దాదాపు మొత్తం అద్దమే. ఫ్రాన్స్‌లో 1959లో మొదట ఎగిరిన ఆలుయెట్ 3ని హెచ్‌ఏఎల్ సంస్థ 1960ల నుంచి బెంగళూరులో లైసెన్సుతో తయారుచేసి, దానికి రాణా ప్రతాప్ గుర్రం చేతక్ పేరు పెట్టింది. ముందు వరసలో ముగ్గురు, వెనక నలుగురు కూర్చునే ఒకే గది అది. అద్దపు ముక్కున్న యంత్రానికి నమూనా కడితే, లోపల ఖాళీగా వదిలేసినా, తప్పుగా నింపినా, చూసేవాడికి ఇట్టే దొరికిపోతుంది. అయితే ఎంత నింపాలి, ఏది వదిలేయాలి అన్నది కట్టేవాడి ఓపికను బట్టి తేల్చుకోవడం పొరపాటు. దాన్ని తేల్చవలసింది కొలత.

ఆ కొలత మనిషి కంటి దగ్గర మొదలవుతుంది. ఆరోగ్యమైన కన్ను 30 సెంటీమీటర్ల దూరం నుంచి సుమారు 0.09 మిల్లీమీటర్ల తేడాను పట్టగలదు. అసలుకు 48వ వంతుగా కట్టే 1/48 స్కేలులో అది అసలు యంత్రం మీద 4 మిల్లీమీటర్ల పైచిలుకు. ఒక అక్షరాన్ని చదవాలంటే దానికి అయిదింతలు ఎత్తుండాలి. అంటే అసలు ఫలకం మీద 2 సెంటీమీటర్లకు తక్కువున్న అక్షరమేదీ నమూనాలో చదవడానికి కుదరదు. డయళ్ల మీది అంకెలు అంతకన్నా బాగా చిన్నవి. వాటిని సూదిమొన కుంచెతో రాయడానికి రాత్రులు ఖర్చుపెట్టడం వృథా. నల్లటి వృత్తంలో లేత బూడిదరంగు గీతలు రెండు మూడు చాలు. మరోవైపు 45 మిల్లీమీటర్ల సీటు బెల్టు ఈ స్కేలులో 0.94 మిల్లీమీటర్లు. దాన్ని కన్ను తప్పకుండా పట్టేస్తుంది. కిట్లలో సీటుతో కలిపి పోతపోసిన బెల్టు మొద్దుగా, సీటుకు అతుక్కుపోయి ఉంటుంది. సీటు అంచు కూడా అంతే: ఒక మిల్లీమీటరు మందం ఉన్న ప్లాస్టిక్ అంచు అసలు యంత్రంలో 48 మిల్లీమీటర్ల దుంగ అవుతుంది. కాబట్టి శ్రమంతా పలచదనం మీద, ముక్కకూ ముక్కకూ మధ్య వదలాల్సిన ఖాళీ మీద పెట్టాలి. రాతల మీద కాదు.

విదేశీ మోడలింగ్ పుస్తకాలు చెప్పే స్టైరీన్ కడ్డీలు, ఎచ్చింగ్ రేకులు లేకపోతే ఈ పని సాగదనే అపోహ ఒకటుంది. విజయవాడ వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల ఉండేలాంటి హోల్‌సేల్ బజారు సందుల్లో మామూలుగా దొరికే సరుకుతోనే చాలావరకు గడిచిపోతుంది. మోటార్లకు చుట్టే వైండింగ్ తీగనే చూడండి. 24 గేజి తీగ మందం 0.56 మిల్లీమీటర్లు, 1/48లో అది 27 మిల్లీమీటర్ల గొట్టానికి సమానం, పైలట్ మోకాళ్ల మధ్య నిలిచే సైక్లిక్ కర్రకు సరిపోతుంది. 28 గేజి దాని పక్కన ఉండే కడ్డీలకు, 36 గేజి వైర్ల కట్టలకు పనికొస్తాయి. తీగను రెండు కొసలా పట్టుకుని ఒకసారి గట్టిగా లాగితే వంకరలు పోతాయి. పైన ఉన్న ఎనామిల్ పూతను ఎమిరీ కాగితంతో గీరితేనే జిగురు పట్టు చిక్కుతుంది. డయళ్ల కోసం 16 గేజి ఇంజెక్షన్ సూది కొనను ఆకురాయితో చదును చేసి, లోపలి అంచును పదును పెట్టి, పలచటి ప్లాస్టిక్ మీద నొక్కి తిప్పితే 1.19 మిల్లీమీటర్ల బిళ్ల ఊడి వస్తుంది. విమాన పరికరాల్లో చిన్న డయలు ప్రామాణిక కొలత 57 మిల్లీమీటర్లు. 48తో భాగిస్తే వచ్చేది సరిగ్గా అదే. మాత్రల స్ట్రిప్ వెనక ఉండే అల్యూమినియం రేకు మందం మిల్లీమీటరులో సుమారు యాభయ్యో వంతు మాత్రమే కాబట్టి బెల్టులకు దాన్ని మించింది లేదు: కంసాలి వాడే శ్రావణంతో పట్టి సీటు మీద పరిస్తే నిజమైన నేతపట్టీలా వంగుతుంది, వంగిన చోటే నిలుస్తుంది.

విజయవాడకు ఇరవై కిలోమీటర్ల దూరంలోని కొండపల్లిని ఈ సందర్భంలో తలవకుండా ఉండలేం. తెల్ల పొణికి కర్రలో ఒంటిని, చేతుల్ని, తలపాగాను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి రంగు వేసే పద్ధతి తరాలుగా అక్కడ నడుస్తోంది. ఆ బొమ్మల్లో కొలత లేదు, ఏనుగు కన్నా అంబారీ పెద్దదైనా ఎవరూ ఆక్షేపించరు కదా, వాటికీ స్కేల్ నమూనాకూ ముడి ఏమిటని అడగవచ్చు. ఆక్షేపణ న్యాయమైనదే, నిష్పత్తి విషయంలో కొండపల్లి మనకు గురువు కాదు. పొణికి పోగు కూడా 1/48లో మీటలు చెక్కేంత సన్నంగా రాదు. అయినా విడివిడిగా చేసి అతికే పద్ధతి అక్కడిదే; మనం రంగులు మాత్రం అతికే ముందే విడివిడిగా వేస్తాం. అంతకన్నా గట్టి ఉపయోగం మరొకటుంది. కిట్‌లోని అద్దం భాగం మందంగా ఉండి లోపలున్నదాన్ని వంకర చేసి చూపిస్తుంది. దాని బదులు పలచటి పారదర్శక ప్లాస్టిక్‌ను వేడిచేసి ముక్కు ఆకారంలో చెక్కిన అచ్చు మీద లాగాలి. కత్తికి తేలిగ్గా లొంగే పొణికి ఆ అచ్చుకు బాగా నప్పుతుంది. మెత్తటి కర్ర నొక్కుకుపోతుందనే భయం ఉంటే, మక్కుతో రంధ్రాలు పూడ్చి, నున్నగా రుద్ది, పైన పలచటి సూపర్ గ్లూ పట్టిస్తే గట్టిపడుతుంది.

త్రీడీ ప్రింటర్లు వచ్చాక చేతిపని ఎందుకన్న ప్రశ్న తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ముందు వరసకు ఒకే రకం సీట్లు మూడు కావాలంటే ప్రింటరే మేలు. చేతితో చేస్తే మూడూ మూడు రకాలుగా వస్తాయి. కానీ ప్రింటర్ తనకిచ్చిన డ్రాయింగ్‌నే తిరిగి చెబుతుంది. యూరప్‌లో ఎగిరిన ఆలుయెట్‌కు గీసిన డ్రాయింగ్‌లో మన దళాలు బిగించిన రేడియోలు, ఆపదలో ఉన్నవాళ్లను పైకి లాగడానికి పెట్టిన హోయిస్ట్ ఉండకపోవచ్చు. గోవాలోని నౌకా వైమానిక మ్యూజియంలో ఉన్న చేతక్‌ను గానీ, ఒక నిర్దిష్ట యంత్రం ఫొటోలను గానీ ఎదురుగా పెట్టుకుని, కనబడిందే చేసి, కనబడనిది వదిలేసేవాడి పని దానికంటే నమ్మదగినది. ముందు తలుపులు బిజాగరీల మీద, వెనక తలుపులు పట్టాల మీద తెరుచుకునే ఈ యంత్రంలో వెనక తలుపు తీసి చూపించదలిస్తే నలుగురు కూర్చునే బెంచీ కూడా అదే శ్రద్ధ అడుగుతుంది.

రంగుల విషయంలో ఒక్క మాట: ఫలకానికి చిక్కటి నలుపు వేస్తే, అద్దం వెనక వెలుతురు తక్కువ కాబట్టి చేసిన పనంతా ఆ నలుపులో మాయమవుతుంది. ముదురు బూడిదరంగు వేసి, మూలల్లో మాత్రమే నలుపు దించి, అంచుల్ని లేత రంగు పొడి కుంచెతో తాకితే మీటలు విడివిడిగా తేలతాయి. లోపల పని ముగిశాక అద్దాన్ని అతికేటప్పుడు సూపర్ గ్లూ జోలికి పోకూడదు. దాని ఆవిరి అద్దం లోపలివైపు తెల్లటి పొరగా పేరుకుంటుంది, మూసేశాక తుడవడానికి దారి ఉండదు. ఫెవికాల్ వంటి తెల్ల జిగురు పలచగా పూసి, తడిబట్టతో అంచులు తుడిచి, పూర్తిగా ఆరేదాకా కదపకుండా ఉంచాలి. వానాకాలంలో కృష్ణా తీరపు తేమకు అది ఆరడానికి మామూలు కన్నా చాలాసేపు పడుతుంది.