ముద్ర నుంచి దత్తాంశం దాకా: తెలుగు పాటలో కర్తృత్వం - సాంకేతిక మార్పులు

వ్యాససంగ్రహం:
వాగ్గేయకారుల కాలం నుంచి నేటి కృత్రిమ మేధ వరకు తెలుగు పాట అనేక మాధ్యమాల మీదుగా ప్రయాణించింది. ప్రతి మాధ్యమమూ పాట నిడివిని, వినే తీరును మార్చింది. దానితోపాటు “ఈ పాట ఎవరిది?” అన్న ప్రశ్నకు తనదైన సమాధానం కూడా ఇచ్చింది. స్ట్రీమింగ్ వేదికలు, కృత్రిమ మేధ తెచ్చిన మార్పులను ఈ చారిత్రక క్రమంలో నిలిపి పరిశీలించడం, పాటలో కర్త పేరు, గాయకుని గాత్రం, వారి హక్కు అనే మూడింటి మధ్య సంబంధం ఎలా మారుతూ వచ్చిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వాగ్గేయకారులు, అంకితముద్ర, గ్రామఫోన్, స్ట్రీమింగ్, కృత్రిమ మేధ, గాత్రహక్కు, జానపద గేయం.

1. ఉపోద్ఘాతం:
కృత్రిమ మేధ సంగీతాన్ని కబళిస్తుందన్న భయం, సంగీతాన్ని అందరికీ అందుబాటులోకి తెస్తుందన్న ఆశ - ఈ రెండూ నేటి చర్చల్లో సమానంగా వినిపిస్తున్నాయి. అయితే ఇలాంటి భయాలూ ఆశలూ గ్రామఫోన్ వచ్చినప్పుడూ ఉన్నాయి, క్యాసెట్ వచ్చినప్పుడూ ఉన్నాయి. కనుక నేటి మార్పులో ఏది పాతదో, ఏది నిజంగా కొత్తదో తేల్చుకోవడానికి చరిత్రే ఆధారం. ఈ పరిశీలనకు పాటతోపాటు ప్రయాణించే “పేరు” ఒక మంచి కొలమానం. పేరు నిలిచిన చోట గుర్తింపు నిలిచింది. గుర్తింపు ఉన్న చోటనే ప్రతిఫలాన్ని అడిగే అవకాశం కలిగింది.

2. పాటలోనే ఉన్న పేరు:
ధ్వనిముద్రణ లేని కాలంలో పాటకు రక్షణ పాటే. క్షేత్రయ్య పదాల్లో “మువ్వగోపాల” ముద్ర, త్యాగరాజ కృతుల్లో ఆయన నామముద్ర, అన్నమయ్య సంకీర్తనల్లో వేంకటేశ్వరాంకితం చరణంలో భాగంగా ఇమిడి ఉంటాయి. ముద్ర భక్తిని ప్రకటిస్తుంది. అదే సమయంలో ఆ రచన ఏ సంప్రదాయానికి చెందినదో తెలుపుతుంది. గాయకుడు ఎవరైనా, ఊరు ఏదైనా, చరణం పూర్తిగా పాడితే ముద్ర వినిపించక తప్పదు. పాట నుంచి పేరును వేరుచేయాలంటే పాటనే గాయపరచాలి.

అన్నమయ్య (1408-1503) సంకీర్తనల చరిత్ర ఈ విషయంలో ప్రత్యేకంగా గమనింపదగినది. ఆయన 32 వేల సంకీర్తనలు రచించినట్లు ప్రతీతి. లభించినవి అందులో సగంకన్నా తక్కువే. రాగిరేకులపై చెక్కించిన ఈ సంపద తిరుమల ఆలయ భాండాగారంలో దీర్ఘకాలం ఉండిపోయి 20వ శతాబ్దంలో వెలుగు చూసింది. రేకులపై సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరరచన మాత్రం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు వాటికి మళ్లీ స్వరాలు కూర్చవలసి వచ్చింది. అంటే రాగిరేకు మాటను కాపాడింది, గొంతును కాపాడలేకపోయింది. నేటి సాంకేతికత దీనికి పూర్తిగా విపర్యయం. గొంతు నిలిచిపోయింది, ఆ గొంతు ఎన్నడూ పలకని మాటను దానిచేత పలికించడం సాధ్యమైంది. ఈ రెండు స్థితుల మధ్య దూరమే ఈ వ్యాసంలోని అసలు సమస్య.

3. గ్రామఫోన్, రేడియో - పేరు పాట వెలుపలికి రావడం:
1902 నవంబరులో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ కోసం పాడిన గౌహర్ జాన్, పాట చివర తన పేరును ఇంగ్లీషులో ప్రకటించేవారు. అచ్చు కోసం జర్మనీలోని హానోవర్‌కు వెళ్లే ఆ రికార్డులను అక్కడి సాంకేతికులు పేరును బట్టి గుర్తించడానికి ఈ ఏర్పాటు. సాహిత్యంలో ఒదిగిన ముద్ర స్థానంలో, పాట ముగిశాక యంత్రం కోసం చెప్పే పేరు వచ్చింది. ఆ తరువాత అది రికార్డు నడుమ అతికించిన కాగితంపైకి చేరింది.

రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే నడిచేది. గంటసేపు సాగే రాగాలాపన, పద్యం వెంట అంతులేని రాగం తీసే పౌరాణిక నాటక సంప్రదాయం ఈ కొలతకు తగ్గట్టు కుదించుకోవలసి వచ్చాయి. మాధ్యమం కళారూపాన్ని మలచడం స్ట్రీమింగ్‌తో మొదలు కాలేదనడానికి ఇది తొలి నిదర్శనం. పాటకు తలుపు తీసేవారు, మూసేవారు ఉండడం కూడా కొత్త కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి బహిష్కరించి, 1971లో గానీ ఆ నిషేధాన్ని సడలించలేదు. తెలుగు నాటకరంగానికీ భజన మందిరాలకూ ప్రాణమైన వాద్యం మూడు దశాబ్దాలపాటు రేడియో గుమ్మం బయటే నిలిచింది. అయితే ఆ నిర్ణయం ఎవరిదో తెలుసు, దానితో వాదించే వీలుంది. నేటి సిఫారసు అల్గారిదానికి అలాంటి ముఖం లేదు.

రేడియో చేసిన మేలు కూడా విస్మరించరానిది. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి కృషితో లలిత, భక్తి సంగీతాలకు నిలయమైంది. 1957లో మొదలైన వివిధ భారతి సినిమా పాటకు ముందో వెనుకో చిత్రం, రచయిత, సంగీత దర్శకుడు, గాయకుల పేర్లు చెప్పే అలవాటును స్థిరపరచింది. చదువు రాని శ్రోత కూడా ఫలానా పాట ఆత్రేయది, ఫలానా పాట ఆరుద్రది అని చెప్పగలగడం వెనుక అనౌన్సరు గొంతు ఉంది.

4. సినిమా, క్యాసెట్ - హక్కుల ప్రశ్న:
1932లో “భక్త ప్రహ్లాద”తో తెలుగు టాకీ మొదలైనప్పుడు నటులే తమ పాటలు పాడుకునేవారు. నేపథ్యగానం స్థిరపడ్డాక తెరపై కనిపించే ముఖానికీ వినిపించే గాత్రానికీ సంబంధం తెగింది. శరీరం నుంచి గొంతు విడివడే ప్రక్రియకు ఇదే తొలిమెట్టు. ఐతే ఘంటసాల ఏ నటునికి పాడినా ఆ నటుని పలుకుబడికి తగినట్లు గాత్రాన్ని మలచుకున్నది ఆయనే. ఆ నిర్ణయం ఆయనది, ఆ శ్రమ ఆయనది.

చట్టం మాత్రం ఆ శ్రమను వేరేగా చూసింది. భారతీయ కాపీరైట్ చట్టం 1957లో వచ్చింది. 1977లో సుప్రీంకోర్టు, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, నిర్మాత ప్రతిఫలమిచ్చి సినిమా కోసం చేయించుకున్న సాహిత్య సంగీతాలకు ఆ నిర్మాతే తొలి యజమాని అని తీర్పు చెప్పింది. రచయిత పేరు రేడియోలో మారుమోగుతున్న రోజుల్లోనే ఆయన హక్కు కాగితంపై మరొకరిదైంది. 2012 సవరణ ఈ స్థితిని కొంత సరిదిద్దింది. సినిమా హాలులో ప్రదర్శనకు వెలుపల జరిగే వినియోగాలపై రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను వదులుకున్నట్లు సంతకం చేసినా ఆ ఒప్పందం చెల్లదు. కళాకారులకు కూడా వాణిజ్య వినియోగంపై రాయల్టీ హక్కు ఏర్పడింది. 2017లో తన పాటలను అనుమతి లేకుండా కచేరీల్లో పాడరాదంటూ ఇళయరాజా, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యానికి న్యాయనోటీసు పంపినప్పుడు తెలుగు, తమిళ శ్రోతలు విస్తుపోయారు. పాట స్వరకర్తదా, గాయకునిదా, నిర్మాతదా అన్న ప్రశ్న సామాన్య శ్రోత ఇంటికి వచ్చింది అప్పుడే.

ఈ మధ్యకాలంలోనే క్యాసెట్ మరొక మార్పు తెచ్చింది. తక్కువ ఖర్చుతో ముద్రించి, చేతులు మార్చుకోగలిగిన క్యాసెట్ జానపద గీతాలకు, భజనలకు, ఉద్యమ గీతాలకు పెద్ద కంపెనీల అవసరం లేని దారి చూపింది. గద్దర్ గొంతు ఊరూరా చేరడంలో వేదికతోపాటు క్యాసెట్‌కూ పాత్ర ఉంది. మరోవైపు, 1990ల నాటికి సింథసైజర్ సినిమా రికార్డింగ్ థియేటర్లలో వయొలిన్ బృందాల స్థానాన్ని ఆక్రమించింది. వాద్యకారుని జీవనోపాధిని యంత్రం దెబ్బతీయడం కృత్రిమ మేధతోనే ఆరంభం కాలేదు. అప్పుడు నష్టపోయిన వాద్యకారుల పేర్లు టైటిళ్లలో లేవు గనుక వారి నష్టం చరిత్రలోనూ నమోదు కాలేదు.

5. స్ట్రీమింగ్ - లెక్కగా మారిన శ్రోత:
2016లో మొబైల్ డేటా చౌక కావడం, 2019లో స్పాటిఫై భారతదేశానికి రావడం తెలుగు శ్రోత అలవాట్లను వేగంగా మార్చాయి. శ్రోత ఇప్పుడు పాటను కొనడం లేదు, వినే అనుమతిని వాడుకుంటున్నాడు. సాధారణంగా ఈ వేదికల్లో ఆదాయమంతా ఒక రాశిగా పోసి, మొత్తం శ్రవణాల్లో ఒక్కో పాట వాటాను బట్టి హక్కుదారులకు పంచుతారు. ఒక శ్రోత నెలంతా ఒకే వైణికుని విన్నా, అతడు చెల్లించిన సొమ్ములో అధికభాగం ఆ నెల అందరూ విన్న పాటలకే వెళ్లవచ్చు. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక శ్రవణంగా లెక్క. 2024 నుంచి 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగ్ రాయల్టీ ఇవ్వడం లేదు.

ఈ లెక్క కళారూపంపైనా పనిచేస్తుంది. మొదటి అర నిమిషంలోనే శ్రోతను పట్టుకోవాలంటే దీర్ఘమైన ఆరంభ సంగీతం బరువవుతుంది. పల్లవిలోని ఆకర్షణీయమైన పాదం ముందుకు వస్తుంది. నెమ్మదిగా విచ్చుకునే ఆలాపన ఈ కొలతలో నష్టదాయకం. మూడు నిమిషాల రికార్డు పాట చివరను కత్తిరించింది. ముప్ఫై సెకన్ల లెక్క పాట మొదటిని కత్తిరిస్తున్నది.

పేరు విషయంలో జరిగిన మార్పు ఇంతకన్నా సూక్ష్మమైనది. పాట శీర్షిక కింద ముందుగా కనిపించేవి స్వరకర్త, గాయకుల పేర్లు. రచయిత పేరు చూడాలంటే చాలాచోట్ల మరో పొర తెరవాలి. దత్తాంశాన్ని నింపినవారు దానిని వదిలేస్తే అది అసలే ఉండదు. వాద్యకారుల సంగతి చెప్పనక్కరలేదు. “నాటు నాటు”కు 2023లో ఆస్కార్ లభించినప్పుడు కీరవాణితో పాటు చంద్రబోస్ కూడా పురస్కారం అందుకున్నారు; ఆ పురస్కారం నియమాల ప్రకారం అది స్వరకర్తకూ గీతరచయితకూ చెందినది. రచయిత పాటకు సమాన కర్త అన్న విషయం ప్రపంచ వేదికపై అంత స్పష్టంగా కనిపించిన కాలంలోనే, చేతిలోని ఫోన్‌లో ఆయన పేరు వెతుక్కోవలసిన స్థితి ఉండడం ఆలోచించదగినది.

6. కృత్రిమ మేధ - మనిషి లేని గాత్రం:
కృత్రిమ మేధ వినియోగాలన్నీ ఒకే కోవలోనివి కావు. 2023లో విడుదలైన బీటిల్స్ పాట “నౌ అండ్ దెన్”లో పాత టేపు నుంచి జాన్ లెనన్ గాత్రాన్ని వేరుచేయడానికి ఈ సాంకేతికతను వాడారు. అది ఉన్న గొంతును శుభ్రపరచడం. అరిగిపోయిన తెలుగు రికార్డులకూ ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరం. లేని గానాన్ని సృష్టించడం దీనికి భిన్నమైనది.

ఈ రెండవ కోవలో రెండు ఉదాహరణలు పక్కపక్కనే నిలుస్తాయి. 2024లో “లాల్ సలామ్” తమిళ చిత్రంలోని ఒక పాటకు ఎ.ఆర్.రహమాన్, దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గాత్రాలను కృత్రిమ మేధతో పునఃసృష్టించారు. వారి కుటుంబాల అనుమతి తీసుకుని, ప్రతిఫలం చెల్లించినట్లు ఆయన ప్రకటించారు. అదే ఏడాది ఆరంభంలో, “కీడా కోలా” తెలుగు చిత్రంలో తన తండ్రి గాత్రాన్ని అనుమతి లేకుండా పునఃసృష్టించారంటూ ఎస్.పి.చరణ్ న్యాయనోటీసు పంపిన విషయం వెలుగులోకి వచ్చింది. 2020లో కన్నుమూసిన బాలసుబ్రహ్మణ్యం గాత్రం తెలుగువారికి ఎంత ఆత్మీయమైనదో చెప్పనవసరం లేదు. ఆ ఆత్మీయతే ఆ గొంతుకు విలువ. ఆ విలువ వల్లనే దానికి రక్షణ అవసరం.

రెండు సందర్భాల్లోనూ సాంకేతికత ఒకటే, తేడా అనుమతి దగ్గర ఉంది. ఐతే కుటుంబ అనుమతి సరిపోతుందా అన్నది ఇంకా మిగిలే ప్రశ్న. గాయకుడు జీవించి ఉంటే ఆ సాహిత్యాన్ని పాడేవాడా, ఆ సంగతిని అలాగే వేసేవాడా? బాలమురళీకృష్ణ ఒక కృతిని పాడిన ప్రతిసారీ ఒకేలా పాడలేదు. ఆ ఎంపికే ఆయన విద్వత్తు. యంత్రం కంఠస్వరాన్ని అనుకరిస్తుంది, కానీ ఎంపిక చేసేవారు వేరొకరు.

చట్టం ఈ విషయంలో నెమ్మదిగా నడుస్తున్నది. మన దేశంలో ధ్వనిముద్రణపై హక్కు 60 ఏళ్లు. 1960లో వెలువడిన రికార్డుపై ఆ హక్కు 2020తో ముగిసింది. సాహిత్య, సంగీతాల హక్కులు మాత్రం కర్తల మరణానంతరం 60 ఏళ్లు కొనసాగుతాయి. గాత్రం దానికదిగా కాపీరైట్ పరిధిలోకి రాదు. కనుక కోర్టులు వ్యక్తిత్వ హక్కును ఆశ్రయిస్తున్నాయి. 2024 జులైలో అర్‌జీత్ సింగ్‌కు, 2025లో ఆశా భోస్లేకు బొంబాయి హైకోర్టు ఈ ప్రాతిపదికనే మధ్యంతర రక్షణ కల్పించింది. ప్రఖ్యాతుల వ్యక్తిత్వానికి దొరికిన ఈ రక్షణ, ఊరి భజన బృందంలో పాడే గాయకునికి ఎంతవరకు దొరుకుతుందన్నది సందేహమే.

రాశి పరంగా చూసినా మార్పు పెద్దది. తమ వేదికపైకి రోజూ 20 వేలకు మించి, అంటే కొత్తగా చేరేవాటిలో 18 శాతం, పూర్తిగా కృత్రిమ మేధ రూపొందించిన పాటలే వస్తున్నాయని ఫ్రెంచ్ సంస్థ డీజర్ 2025 ఏప్రిల్‌లో వెల్లడించింది. 2028 నాటికి సంగీతకర్తల ఆదాయంలో 24 శాతం ప్రమాదంలో పడవచ్చని హక్కుదారుల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సిసాక్ చేయించిన 2024 నాటి అధ్యయనం అంచనా వేసింది. సునో, యుడియో సంస్థలపై పెద్ద రికార్డు కంపెనీలు 2024 జూన్‌లో వేసిన దావాల్లో కొన్ని 2025లో లైసెన్సు ఒప్పందాలుగా పరిణమించాయి. కళాకారులు ఇష్టపడితేనే వారి కృతులను వాడతామని ఆ ఒప్పందాలు చెబుతున్నాయి. కానీ ఇష్టం చెప్పాలంటే ముందు పేరు నమోదై ఉండాలి. 1977 తీర్పు అనుభవం ఇక్కడ గుర్తుకు రాక తప్పదు.

7. జానపదం - పేరు లేకపోవడంలో భేదం:
పేరు లేకుండానే జానపద గేయం శతాబ్దాలు బతికింది కదా అన్న ఆక్షేపణ సహజం. కానీ జానపద గేయంలో కర్త అజ్ఞాతుడే గాని, సమాజం అజ్ఞాతం కాదు. ఒగ్గుకథ ఎవరు చెబుతారో, బతుకమ్మ పాట ఎవరు పాడతారో ఊరికి తెలుసు. పాడినవారికి ధాన్యమో, కట్నమో, గౌరవమో దక్కేది. యంత్రం కూర్చిన పాటలో కర్తా లేడు, ఆ పాటను తనదిగా మోసే సమూహమూ లేదు. పైగా కాపీరైట్ చట్టంలో జానపద సంపదకు ప్రత్యేక రక్షణ లేదు. ఇలాంటి స్థితిలో ఊరి పాటను తొలిగా నమోదు చేసిన ఛానలే దానికి హక్కుదారుగా చలామణి కాగలదు. అక్కడి నుంచి అది యంత్రానికి శిక్షణ సామగ్రిగా చేరినప్పుడు పాడిన అవ్వ ఊసు ఎక్కడా ఉండదు.

8. ముగింపు:
ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలివి:
• మాధ్యమం పాట రూపాన్ని మార్చడం, వాద్యకారుని ఉపాధిని దెబ్బతీయడం, కొందరికి తలుపు మూయడం - ఇవి కృత్రిమ మేధకు ముందూ జరిగినవే.
• పేరు మొదట సాహిత్యంలో ముద్రగా, తరువాత రికార్డుపై అక్షరంగా, రేడియోలో ప్రకటనగా, నేడు దత్తాంశంగా ఉంది. దశ మారిన ప్రతిసారీ అది పాట నుంచి మరికొంత దూరం జరిగింది.
• జీవించి లేని గాయకుని గాత్రంతో కొత్త గానం చేయించడం మాత్రం గతంలో పోలిక లేనిది. అనుమతి, ప్రతిఫలం, ప్రకటన అనే మూడూ ఇక్కడ కనీస నియమాలు కావాలి.
• తెలుగు పాటల రచయితలు, వాద్యకారులు, జానపద గాయకుల వివరాలను విశ్వవిద్యాలయాలు, ఆకాశవాణి, అకాడమీలు క్రమబద్ధంగా నమోదు చేయడం తక్షణావసరం.

రాగిరేకులపై అన్నమయ్య గొంతు దక్కకపోయినా ఆయన పాట ఆయనదిగానే మిగిలింది. నేడు గొంతులన్నీ భద్రంగా ఉన్నాయి. అవి ఎవరివో చెప్పే వివరం కూడా అంతే భద్రంగా ఉండేలా చూడడం ఈ తరం పరిశోధకుల బాధ్యత.